సుబ్బారాయుడు ముద్ద ముట్టని 23 రోజులు: గుంటూరు ఇంట్లో మోరే ఈల్‌తో నా ఏడాది

మోరే ఈల్ అంటే సముద్రంలో ఉండే పాములాంటి చేప. దీన్ని ఇంటికి తెస్తున్నానంటే అందరూ అడిగింది ఒకటే, "కరవదా?" అని. ఏడాదిలో ఒక్కసారి కరిచింది, తప్పు నాదే, దానికైన ఖర్చు మొత్తం 640 రూపాయలు. మిగతా లక్షా పాతికవేల దాకా నీళ్ళకి, మూతకి, చల్లదనానికి పోయింది. కరుస్తుందా అని అడిగినవాళ్ళలో ఒక్కరూ మూత సంగతి అడగలేదు. నేనూ అడగలేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

మాది బ్రాడీపేట, మొదటి అంతస్తు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. ఆరేళ్ళుగా మంచినీటి చేపలు పెంచుతున్నా కాబట్టి చేపల సంగతి నాకు తెలుసనుకునేవాణ్ణి. చెన్నైలో ఒక స్నేహితుడి ఇంట్లో స్నోఫ్లేక్ అనే రకం మోరేని చూశాను. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, మచ్చల్లో పసుపు చుక్కలు, రాతి సందులోంచి తల ఒక్కటే బయటపెట్టి, కిటికీలో కూర్చుని వీధి చూసే ముసలాయనలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అలా నోరు తెరవడం బెదిరించడం కాదు, ఊపిరి తీసుకోవడం. మొప్పల్లోకి నీళ్ళు పంపడానికి దానికున్న దారి అదే. ఆ రాత్రి రైలెక్కే సరికి మనసులో ట్యాంకు కొలతలు వేసేసుకున్నా.

2024 ఆగస్టు 18, ఆదివారం ట్యాంకు వచ్చింది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, 12 ఎంఎం అద్దం. ఖాళీదే ఎనభై కిలోల పైన ఉంటుంది, నలుగురు హమాలీలు మెట్ల మలుపు దగ్గర పావుగంట ఆగిపోయారు. ట్యాంకు 19,500, ఇనుప స్టాండు 9,000, మెట్లెక్కించడానికి 1,500. నీళ్ళు, రాళ్ళు, అద్దం అన్నీ కలిపితే ఆరువందల కిలోలు దాకా వస్తుంది కాబట్టి గది మధ్యలో కాకుండా కింద బీము ఉన్న గోడ వారన పెట్టించాను. మా నాన్నగారు కట్టించిన ఇల్లు, బీము ఎటు పోయిందో ఆయనకి గుర్తుంది, లేకపోతే ఇంజినీరుని పిలవాల్సి వచ్చేది.

తర్వాత నీళ్ళు. సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో సముద్రం నీళ్ళు తెచ్చుకుంటే సరిపోదా అని ఆఫీసులో అందరూ సలహా ఇచ్చారు. నాకూ ఆశ పుట్టింది. మా బాబాయికి నిజాంపట్నం వైపు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి, ఆయనకి ఫోన్ చేస్తే నవ్వాడు. "ఒరేయ్, వానాకాలంలో మా కాలవలో ఉప్పు 12 కూడా లేదు, ఒడ్డు నీళ్ళు కూడా పల్చబడే ఉంటయ్, పైగా బురద. నీకు కావాల్సింది 35 కదా" అన్నాడు. లీటరుకి 35 గ్రాముల ఉప్పన్నమాట. బోరు నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, చూస్తే 1,100. వంటింటి ఆర్వోలో 60 వస్తుంది కానీ అది కూడా పనికిరాదని, దాని వెనక ఇంకో ఫిల్టరు పెట్టి సున్నాకి తెచ్చాను. 400 లీటర్లు అలా పట్టడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఒక బకెట్టు మంచినీళ్ళకి మూడు బకెట్లు వృథా నీళ్ళు. అమ్మ ఆ వృథా నీళ్ళతో వరండా, మెట్లు, కింద గేటు, ఆఖరికి పక్కింటివాళ్ళ స్కూటరు కూడా కడిగించేసింది.

ఉప్పు అంటే వంట ఉప్పు కాదు, అక్వేరియాల కోసం ప్రత్యేకంగా అమ్మేది. 20 కిలోల బస్తా 5,800. 14 కిలోలు కలిపాక నేను కొన్న ఉప్పు కొలిచే తేలే మీటరు 35 చూపించింది. సంతోషంతో బాబాయిని పిలిచాను. ఆయన చెరువు గట్టు మీద ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరు తెచ్చి, ముందు ఆర్వో నీటి చుక్క వేసి సున్నా సరిచూసి, తర్వాత నా నీటి చుక్క వేసి కిటికీ వైపు తిరిగి చూశాడు. "29" అన్నాడు. 350 రూపాయల ప్లాస్టిక్ మీటరు నన్ను ఆరు పాయింట్లు మోసం చేసింది. ఆ రిఫ్రాక్టోమీటరు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఆయన అడగడం లేదు, నేను ఇవ్వడం లేదు.

రాళ్ళ దగ్గర ఒక మాట. "నిజమైన పగడపు రాయి తెప్పిస్తాను సార్, రెండు వేలకే" అని ఒకాయన ఫోన్లో చెప్పాడు. సముద్రంలోంచి పగడాలు తీసి అమ్మడం మన దగ్గర వన్యప్రాణి చట్టం కింద నేరం. నేను సెరామిక్ రాళ్ళు తెప్పించి, వాటి కింద రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు మూడు, ఎల్బోలు రెండు దాచాను. ప్లంబింగ్ షాపులో మొత్తం 140 రూపాయలు. ఏడాది మొత్తంలో దానికి నచ్చిన ఖర్చు అదొక్కటే అనుకుంటా, ఏడువేల రూపాయల రాళ్ళని వదిలేసి ఆ పైపులోనే కాపురం పెట్టింది.

స్కిమ్మర్ పార్శిల్ ఆగస్టు ఆఖరున రావాలి. సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు అది దారిలో ఎక్కడో ఇరుక్కుంది. జనం మేడల మీద అన్నం పొట్లాల కోసం చూస్తుంటే నా స్కిమ్మర్ ఎక్కడ అని అడగడానికి సిగ్గేసి, నేను ఫోన్ చేయలేదు. పదహారు రోజులకి అదే వచ్చింది, అట్టపెట్టె తడిసి ఆరినట్టుంది, లోపల యంత్రానికి ఏమీ కాలేదు. పప్పు ఉడికేటప్పుడు పైన తేలే తెట్టు తీసేస్తాం చూడండి, అది చేసే పని అదే, నీళ్ళలో జిడ్డు, మురికి నురగగా పైకి లాగి కప్పులో పోస్తుంది. ఈ ఈల్ తినే తిండికి అది లేకుండా కుదరదు. 9,200.

ఈలోపు ట్యాంకులో చేప లేదు, ఒక కుళ్ళిన రొయ్య ఉంది. పల్చటి గుడ్డలో పచ్చి రొయ్య మూటకట్టి వేలాడదీస్తే, అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది, దాన్ని తినే బ్యాక్టీరియా పెరిగి నైట్రైట్ చేస్తుంది, దాన్ని తినే ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ సున్నాకి వచ్చేదాకా చేపని వేయకూడదు. పరీక్ష కిట్లు రేపల్లెలో రొయ్యల మందుల షాపులో దొరికాయి, ఆన్‌లైన్ ధరలో సగం. మా ఆవిడ వారం రోజులు సాంబ్రాణి వేసింది. వచ్చినవాళ్ళు ఖాళీ ట్యాంకుని, అందులో వేలాడే మూటని చూసి, ఏదైనా దిష్టికా అని అడిగేవాళ్ళు. నలభయ్యో రోజు, సెప్టెంబరు 27న, రెండు పరీక్ష గొట్టాల్లోనూ రంగు మారలేదు, అంటే రెండూ సున్నా. ఆ తర్వాత డామ్సెల్ అనే చిన్న సముద్రపు చేపలు రెండు వేసి మరో మూడు వారాలు చూశాను. ఈ అరవై రోజులు ఆగలేకపోవడం వల్లే చాలామంది చేపలు పోతాయని బాబాయి అన్నాడు, చెరువుల్లో అంతేనట.

అక్టోబరు 19, శనివారం, చెన్నై కొళత్తూరు. చేపల షాపులు వరసగా ఉండే వీధి అది. ఈల్ ధర 3,800, ప్యాకింగ్ 250. అడుగుంపావు పొడవు, నా బొటనవేలి కన్నా కాస్త లావు. నా ముందు దానికి తిండి పెట్టి చూపించమని అడిగాను. "ఇప్పుడే తినింది సార్, కడుపు నిండుగా ఉంది" అన్నాడు. అక్కడ నేను మొండికేయాల్సింది. మళ్ళీ సాయంత్రం వస్తానని చెప్పి, తిన్నాకే డబ్బు ఇవ్వాల్సింది. కానీ మధ్యాహ్నం పినాకిని రైలుకి టికెట్టు ఉంది, రెండు కవర్లలో మూడో వంతు నీళ్ళు పోసి ఆక్సిజన్ కొట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టేశారు, నేను స్టేషన్‌కి పరిగెత్తాను. రైల్లో ఎదురు సీటావిడ "పెట్టెలో ఏంటి బాబూ, స్వీట్సా?" అని అడిగింది. చేపండీ అన్నాను. పాము చేప అని చెప్పి ఉంటే గూడూరులోనే దింపేసేవాళ్ళేమో.

తెనాలిలో దిగి, ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి పదైంది. షాపు నీళ్ళు కొలిస్తే ఉప్పు 27, నా ట్యాంకు 34. ఒకేసారి వేయకూడదు, సన్న గొట్టానికి ముడేసి చుక్క చుక్కగా ట్యాంకు నీళ్ళు దాని బకెట్లోకి దింపుతూ రెండున్నర గంటలు కూర్చున్నాను. ఒంటిగంటకి వదిలాను. నేల పట్టుకుని జారుకుంటూ వెళ్ళి పైపులో దూరింది. మూడు రోజులు తోక కూడా కనపడలేదు.

పొద్దున అమ్మ చూసి, "పామేంట్రా" అని మొదలుపెట్టి, పైపు వైపు చేతులు జోడించి "సుబ్బారాయుడూ, పిల్లలు తెలిసీ తెలియక తెచ్చారు నాయనా" అంది. పేరు అలా పడిపోయింది.

ఇక 23 రోజులు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నిద్ర పట్టనిది ఈ భాగమే. నాలుగో రోజు రొయ్య ముక్క పెట్టాను, వాసన కూడా చూడలేదు. ఆరో రోజు స్క్విడ్. తొమ్మిదో రోజు వెల్లుల్లి రసంలో నానబెట్టిన రొయ్య. పన్నెండో రోజు బతికున్న చిన్న పీత, అది రెండు రోజులు ట్యాంకంతా తిరిగి స్కిమ్మర్ వెనక సెటిలైపోయింది. తినని ముక్కలు పావుగంటలో తీసేయాలి, లేకపోతే నీళ్ళు పాడవుతాయి. అంటే రోజూ రాత్రి మోచేతి దాకా ఉప్పునీళ్ళలో చెయ్యి. కొత్త చోట మోరేలు వారాల తరబడి తినకపోవడం మామూలే అని చదివాను, కానీ చదవడం వేరు, రోజూ పక్కటెముకలు కనిపిస్తున్నాయా అని టార్చి వేసి చూడటం వేరు. ఆఫీసులో బస్తాల లెక్క రెండుసార్లు తప్పు కొట్టాను.

దానికి తోడు నవంబరు 2న కార్తీకం వచ్చింది. కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు గుమ్మం దాటదు. ఫ్రిజ్‌లో రొయ్యల డబ్బా అమ్మ చూసింది, అంతే. కింద పోర్షన్‌లో కోచింగ్ కుర్రాళ్ళు ముగ్గురుంటారు, వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నారు. మూడో రోజు వెళితే డబ్బా ఖాళీ. "అన్నా, ఫ్రై చేసుకున్నాం, మీకేమన్నా ఉంచాలా?" అని అడిగారు. వాళ్ళనేమంటాం. 5న నాగుల చవితి. అమ్మ పుట్టలో పాలు పోసి వచ్చి, చలిమిడి ప్లేటు పట్టుకుని ట్యాంకు ముందు నిలబడి, "ఉపవాసమేమోరా, ఊరికే కంగారు పడతావు" అంది. ఆవిడ వెటకారంగా అందో నిజంగా అందో నాకు ఇప్పటికీ తెలియదు.

11వ తేదీ, కార్తీక సోమవారం. బాబాయి ఆ సాయంత్రం చెరువు నుంచి పట్టిన రొయ్యలు ఐసులో పెట్టి పంపాడు, తలకాయలతో సహా. అప్పటిదాకా నేను ఒలిచి, కడిగి, శుభ్రంగా పెడుతున్నాను, అదే నా పొరపాటు అనిపించింది. వీటికి కళ్ళు సరిగా కనిపించవు, ముక్కే అన్నీ. రాత్రి 11:20కి లైట్లన్నీ ఆపి, సెల్ టార్చికి ఎర్ర చాక్లెట్ కాగితం చుట్టి, రొయ్య తలని పొడుగు పటకారుతో పట్టుకుని పైపు ముందు నెమ్మదిగా నలిపాను. తలలోంచి పచ్చటి ద్రవం పొగలా నీళ్ళలోకి పాకింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత పైపు చివర ముక్కు, ముక్కు మీద రెండు పసుపుపచ్చ గొట్టాలు. తల బయటికొచ్చి కుడివైపు వెళ్ళింది, రొయ్య ఎడమవైపు ఉంది. పైపుని గుద్దుకుంది. వెనక్కొచ్చి నా పటకారుని కొరికింది. వదిలేసింది. మళ్ళీ వచ్చి ఈసారి రొయ్య మీసాలకి ముక్కు తగిలి, ఆగి, టక్కున పట్టుకుంది. నోట్లో సగమే ఉంది, నమలడం లేదు, మింగడానికి గుటక వేస్తున్నట్టూ లేదు, కానీ రొయ్య దానంతటదే లోపలికి జరిగిపోతోంది, ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు.

లోపల లాగేది నిజంగానే ఉంది. మోరేలకి గొంతులో రెండో దవడ ఉంటుంది, ముందు దవడ పట్టుకున్నాక అది ముందుకొచ్చి తిండిని పట్టి లోపలికి ఈడ్చుకుపోతుంది. కాలిఫోర్నియాలో రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ అనే ఇద్దరు దీన్ని 2007లో నేచర్ పత్రికలో చూపించారు. చదివినప్పుడు వింతగా అనిపించింది, కళ్ళ ముందు చూస్తే ఒళ్ళు జలదరించింది. రొయ్య తోక కూడా మాయమయ్యాక నేను చప్పట్లు కొట్టాను. అమ్మ నక్షత్ర దర్శనం చేసుకుని భోంచేసి పడుకుని ఉంది, లేచి వచ్చి "ఇద్దరిదీ ఒకేరోజు అయింది" అని మళ్ళీ వెళ్ళి పడుకుంది.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు. ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఒట్టి పచ్చి రొయ్యలే పెడుతూ ఉంటే బి1 విటమిన్ లోపం వస్తుంది, వాటిలో ఆ విటమిన్‌ని విరగ్గొట్టే పదార్థం ఉంటుంది, అందుకని స్క్విడ్, పీత మార్చి మార్చి, విటమిన్ చుక్కలు కలిపి పెడుతున్నా. డిసెంబరులో అందం కోసం క్లీనర్ రొయ్యలు రెండు, ఒక్కోటి 1,400 పెట్టి తెప్పించాను. స్నోఫ్లేక్ తినేదే రొయ్యలు, పీతలు అని తెలిసి కూడా, ఇవి చేపల ఒళ్ళు శుభ్రం చేసేవి కదా వదిలేస్తుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి ఒకటి, మర్నాటికి రెండోది. 2,800 రూపాయల ఫలహారం. స్కిమ్మర్ వెనక పీత కూడా ఆ వారంలోనే కనపడకుండా పోయింది. డామ్సెల్స్‌ని మాత్రం ఇప్పటికీ ముట్టలేదు.

జనవరి 13, భోగి. తెల్లవారుజామున 4:40కి అమ్మ భోగి మంటకి పాత చేటలు తీయడానికి హాల్లో లైటు వేసింది. "ఒరేయ్, సుబ్బారాయుడు బయటికొచ్చాడురా!" అన్న కేక ఇప్పటికీ చెవిలో ఉంది. సోఫా కింద, ట్యాంకుకి ఆరడుగుల దూరంలో, వంకరగా పడి ఉంది. నేల మీద అది పాకిన దారి ఉప్పు చారలా అప్పటికే ఆరిపోయింది, అంటే ఎంతసేపైందో తెలియదు. ఒంటి మీద జిగురంతా ఆరి, దాని మీద దుమ్ము, జుట్టు, పాప చెమ్కీ ముక్క ఒకటి అంటుకుని ఉన్నాయి. ముట్టుకుంటే ఎండు తోలులా ఉంది. చనిపోయిందనుకున్నాను. తువాలు ట్యాంకు నీళ్ళలో తడిపి ఎత్తాను, అప్పుడు మొప్ప దగ్గర చిన్న రంధ్రం ఒకసారి కదిలింది. బేసిన్లో ట్యాంకు నీళ్ళు పోసి దుమ్ము కడిగి, లోపల పెట్టి, వేవ్ మేకర్ (నీళ్ళని కదిలించే పంపు) నుంచి నీళ్ళు నోటికి తగిలేలా రెండు చేతులతో పట్టుకున్నాను. పక్కకి ఒరిగిపోతోంది. మా ఆవిడ వాచీ చూస్తూ లెక్కపెట్టింది, పన్నెండు సెకన్లకి ఒకసారి నోరు తెరుస్తోంది. తర్వాత ఎనిమిది. తర్వాత నాలుగు. వీధిలో మంటలు, పిల్లల అరుపులు, కిటికీలోంచి పొగ. నలభై నిమిషాలకి నా చేతుల్లోంచి జారి పైపులోకి వెళ్ళింది.

కారణం వెనక మూలన పైపులు, వైర్ల కోసం అద్దం మూతలో వదిలిన రెండంగుళాల సందు. ఇంత చిన్న సందులోంచి రాదులే అనుకున్నాను. తల పట్టిన చోట ఒళ్ళంతా పడుతుంది దానికి. ఆ రోజే సందులో ప్లాస్టిక్ జాలీ కుక్కి, మూత మీద చెక్క పలక, పలక మీద అమ్మ రుబ్బురోలు పొత్రం పెట్టాను. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ పొత్రానికి పసుపు పూయలేదేంటని అడిగారు. ఒంటి మీద గీతలు పడ్డాయి కానీ మందులేమీ వేయలేదు. మోరేకి పొలుసులుండవు, చేపలకి వేసే రాగి మందులు దీనికి విషం. నీళ్ళు తరచుగా మార్చాను, మూడు వారాలకి తగ్గాయి. తిండి పది రోజులు మళ్ళీ బంద్. ఈసారి నేను నిద్రపోయాను. తర్వాత క్లిప్పులున్న యాక్రిలిక్ మూత చేయించాను, 2,600.

కరిచిన సంగతి. మార్చి 9, ఆదివారం. మిర్చి సీజన్ కాబట్టి వారమంతా యార్డు నుంచి వచ్చిన చేతులతో ట్యాంకు ముట్టుకోకూడదని నాకు ఒక నియమం ఉంది, సబ్బు లేకుండా మూడుసార్లు కడగాలి. ఆ ఆదివారం సెలవు కదా అని కడుక్కోలేదు. రొయ్యలు ఒలిచి, చేతులు లుంగీకి తుడుచుకుని, అద్దం తుడిచే అయస్కాంతం పడిపోతే తీయడానికి చెయ్యి పెట్టాను. దానికి రొయ్య వాసన వచ్చింది, అంతే, చూపుడువేలు. స్నోఫ్లేక్ పళ్ళు మిగతా మోరేలంత సూదిగా ఉండవు, పీత డిప్పలు నలగ్గొట్టే మొద్దు పళ్ళు, అయినా చర్మం చీలి రక్తం వచ్చింది. లాగితే ఇంకా చీలుతుందని చదివి ఉన్నా కాబట్టి పళ్ళు బిగబట్టి కదలకుండా ఉన్నాను. అయిదారు సెకన్లకి రుచి నచ్చలేదేమో వదిలేసింది.

ఆస్పత్రిలో "ఏం కరిచింది?" అంటే "పాము చేప" అన్నాను. కుర్చీలో ఉన్న సిస్టర్‌కి మొదటి మాటే వినపడింది. స్ట్రెచర్ వచ్చింది, బీపీ చూశారు, పామును తెచ్చారా అని అడిగారు. ఇంట్లో అద్దాల పెట్టెలో ఉందని నేను చెప్పడంతో సంగతి ఇంకా ముదిరింది. చివరికి డాక్టరుగారికి ఫోన్లో వీడియో చూపించాక నవ్వి, టీటీ వేసి, సముద్రపు నీటి గాయం ఇన్‌ఫెక్షన్ అవుతుందని అయిదు రోజుల యాంటిబయోటిక్ రాశారు. మీరు వెళితే "చేప కరిచింది" అని మొదలుపెట్టండి, ఈల్ సంగతి తర్వాత.

ఎండల గురించి ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు. రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ రెండో వారానికే ట్యాంకు 31.4 డిగ్రీలు చూపించింది. దీనికి 24 నుంచి 27 ఉండాలి. మొదట నీళ్ళ మీదకి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను, రెండు డిగ్రీలు తగ్గింది కానీ రోజుకి ఆరు లీటర్లు ఆవిరైపోయేది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. కాబట్టి పోసేది మంచినీళ్ళే ఉండాలి. ఒకరోజు నేను లేనప్పుడు మా ఆవిడ జాగ్రత్తగా ఉప్పు నీళ్ళు కలిపి పోసింది, ఉప్పు తగ్గాల్సింది ఇంకా పెరిగింది. ఆవిడ తప్పు కాదు, నేనే రెండు క్యాన్ల మీదా పేరు రాయలేదు.

ఏప్రిల్ 16న చిల్లర్, అంటే నీళ్ళని చల్లబరిచే యంత్రం, కొన్నాను, 31,000. కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ ఈ ఖర్చు ముందే లెక్కేసుకోకపోవడం నాకు సిగ్గుచేటు. మా మెకానిక్ వచ్చి చూసి ఒకే మాట అన్నాడు, "సార్, నీళ్ళ వేడిని తీసి గదిలో పోస్తదిది, గదిలోంచి ఎక్కడికి పోవాలి?" నిజమే, హాలు కుంపటైంది, చిల్లర్ ఆగకుండా తిరుగుతోంది. గోడకి కన్నం పెట్టించి, గొట్టాలు పొడిగించి, చిల్లర్‌ని వరండాలోకి మార్చాం, ఇంకో 2,200. కరెంటు బిల్లు 1,900 నుంచి 4,300కి వెళ్ళింది. "మీ సుబ్బారాయుడికి చల్లదనం, మాకు ఫ్యానా" అని మా ఆవిడ మే నెలంతా అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మే మొదటి వారంలో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అయిదు గంటలు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఉంది, 1,150 పెట్టి కొన్నది, బ్యాటరీలు మాత్రం లేవు. పాప బొమ్మకారులోంచి తీసి వేశాను. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు, మూతలు బిగించి, ఒక్కోటి నీళ్ళలో తేలేశాను, ఐసు నేరుగా వేస్తే ఉప్పు తగ్గిపోతుంది. రెండింటికి బాబాయి ఫోన్ ఎత్తాడు, మొదటి రింగుకే. "మాకు డీఓ పడిపోయే టైమే ఇది, గట్టు మీదే ఉన్నా, చెప్పు" అన్నాడు. డీఓ అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్. నీళ్ళ పైభాగం కదులుతూ ఉంటే చాలన్నాడు. తెల్లారేదాకా మగ్గుతో ముంచి పోస్తూ కూర్చున్నాను, ట్యాంకు 28.5 దగ్గర ఆగింది. ఈల్ పైపులోంచి తల పెట్టి చూస్తూ ఉంది. డామ్సెల్స్‌లో ఒకటి పోయింది.

ఇప్పుడు నెలకి ఉప్పు 1,200 దాకా, తిండి 350, కరెంటు అదనంగా వేసవిలో 2,400, మిగతా నెలల్లో 800 పైన. రెండు వారాలకోసారి 60 లీటర్ల నీళ్ళు మార్చడం, ఆదివారం పొద్దున రెండు గంటల పని. 2025 అక్టోబరు 19కి ఏడాది. అద్దం మీద టేపు అతికించి కొలిస్తే 56 సెంటీమీటర్లు ఉంది. మూత తీసే చప్పుడుకే బయటికొస్తుంది, వచ్చి నా పటకారుకి రెండంగుళాల పక్కన కొరుకుతుంది.

ఆ నెల 22 నుంచి మళ్ళీ కార్తీకం. రొయ్యల డబ్బా కింద పోర్షన్‌కి వెళ్ళింది. పాత కుర్రాళ్ళు సీట్లొచ్చి వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు చేరారు. ఈసారి డబ్బా మీద "మందు కలిపినవి, తినకూడదు" అని పెద్దక్షరాలతో రాసి పెట్టాను. విటమిన్ చుక్కలు కలిపే ఉంచుతాను కాబట్టి అబద్ధం కూడా కాదు.